టైపింగా, ఎడిటింగా, స్క్రైబింగా, కోడింగా: మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ లైన్‌లో ఇప్పుడు దేన్ని ఎంచుకోవాలి?

"సాఫ్ట్‌వేరే వింటోంది, సాఫ్ట్‌వేరే టైప్ చేస్తోంది. ఇంక మనకేం మిగిలింది?" ట్రాన్స్‌క్రిప్షన్‌లో, అంటే డాక్టర్ల మాటలు విని రిపోర్టులుగా టైప్ చేసే పనిలో, ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల దగ్గర్నుంచి, బీఎస్సీ పూర్తిచేసి ఏ కోర్సులో చేరాలా అని అమీర్‌పేటలో బోర్డులు చూస్తూ తిరిగే పిల్లల దాకా అందరూ అడిగేది ఇదే. పని ఉంది. అయితే ఒకప్పటిలా ఒకే ఉద్యోగంగా లేదు, నాలుగైదు రకాలుగా చీలిపోయింది. ఇంటర్వ్యూలో అన్నిటినీ "హెల్త్‌కేర్ డాక్యుమెంటేషన్" అనే అంటారు. జీతం లెక్క, నిద్రవేళలు, రెండేళ్ల తర్వాత ఎక్కడ తేలతామన్నది మాత్రం దేనికదే వేరు.

నేను టైపింగ్‌తో మొదలుపెట్టి ఎడిటింగ్, క్యూఏ (ఇతరులు చేసిన రిపోర్టుల్లో తప్పులు సరిచూసే పని) మీదుగా వచ్చినదాన్ని. అందుకని నా మొగ్గు ముందే చెప్పేస్తాను. ఈ లైన్‌లో చెవికీ వేళ్లకూ వచ్చే డబ్బు ఏటేటా తగ్గుతోంది. రాసినదాన్ని అనుమానించే బుర్రకు మాత్రం ఇంకా డబ్బు వస్తోంది. కింది పోలికంతా ఆ కోణంలోంచే చూశాను.

ముందు, అసలేం మారింది

ఒకప్పుడు ఈ వ్యాపారం మొత్తం గడియారం మీదే నడిచింది. అమెరికాలో డాక్టర్ సాయంత్రం డిక్టేట్ చేసి ఇంటికెళ్లే వేళకు మనకు తెల్లవారేది. ఆయన మళ్లీ డ్యూటీకి వచ్చేసరికి రిపోర్ట్ సిద్ధం. 1990ల చివర్లో, 2000 ప్రాంతంలో హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా ట్రాన్స్‌క్రిప్షన్ సెంటర్లు వెలిసింది ఇందుకే. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద ఆడియో ఆపి నడిపే పెడల్, స్పేసులతో కలిపి 65 క్యారెక్టర్లకు ఒక లైను చొప్పున డబ్బు లెక్క.

సాఫ్ట్‌వేర్ మూడు అలలుగా వచ్చింది. మొదటిది బ్యాక్ ఎండ్. డాక్టర్ ఎప్పటిలాగే డిక్టేట్ చేస్తాడు, యంత్రం డ్రాఫ్ట్ రాస్తుంది, మనం ఆడియో వింటూ దిద్దుతాం. రెండోది ఫ్రంట్ ఎండ్. డాక్టర్ మాట్లాడుతుంటే అక్షరాలు ఆయన స్క్రీన్ మీదే పడతాయి, ఆయనే దిద్దుకుని సంతకం పెట్టేస్తాడు, మధ్యలో మనం ఉండం. మూడోది యాంబియెంట్. డాక్టరూ పేషెంటూ మామూలుగా మాట్లాడుకుంటుంటే ఫోన్ విని నోట్ తయారుచేస్తుంది, డిక్టేషన్ అనేదే ఉండదు. మైక్రోసాఫ్ట్ 2022లో, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ చేసే న్యువాన్స్ కంపెనీని దాదాపు 1,970 కోట్ల డాలర్లకు కొన్నది ఈ మూడో అలను చూసుకునే.

మన లైన్లు తగ్గడానికి కారణం సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, ఇది చాలామంది మర్చిపోతారు. 2009లో అమెరికా తెచ్చిన హైటెక్ చట్టం కింద, ఎలక్ట్రానిక్ రికార్డులు వాడే డాక్టర్లకు ప్రభుత్వం డబ్బులిచ్చింది. దాంతో డిక్టేట్ చేసే డాక్టర్లు టెంప్లేట్లలో టిక్కులు పెట్టడం మొదలెట్టారు. కొన్ని అకౌంట్లు (మనకు పని పంపే హాస్పిటళ్లు, క్లినిక్‌లు) అలా టిక్కుల వల్లే పోయాయి. అవి మళ్లీ రావు.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

నాలుగే విషయాలు చూడండి. మొదటిది, ఈ పనిలో యంత్రం చేయలేని భాగం ఎంత. రెండోది, డబ్బు దేనికిస్తున్నారు: లైనుకా, గంటకా, నెలకా. మూడోది వేళలు. నాలుగోది, అక్కడి నుంచి తర్వాత ఎటు వెళ్లొచ్చు. "జీతం ఎంత" అన్నది ఇందులో విడిగా లేదు, ఎందుకంటే మొదటి రెండూ తెలిస్తే జీతం ఎటు పోతుందో అదే తెలిసిపోతుంది.

| పని | యంత్రానికి చిక్కనిది | డబ్బు లెక్క | వేళలు | తర్వాత |
|---|---|---|---|---|
| పూర్తి టైపింగ్ | యాస, ఆడియో బాగాలేని డాక్టర్లు | లైనుకు | మన చేతిలో కొంత | ఎడిటింగ్ |
| డ్రాఫ్ట్ ఎడిటింగ్, క్యూఏ | సందర్భం, సందేహం | లైనుకు తక్కువ. క్యూఏకు నెల జీతం | పగలూ కుదురుతుంది | క్యూఏ, ట్రైనింగ్, కోడింగ్ |
| వర్చువల్ స్క్రైబ్ | డాక్టర్ అలవాట్లు, చార్ట్ పని | నెల జీతం | రాత్రే | టీమ్ లీడ్, క్లినిక్ సపోర్ట్ |
| యాంబియెంట్ నోట్ల పరిశీలన | కల్పన, వదిలివేత పట్టడం | నోటుకు, గంటకు లేదా నెలకు | కంపెనీని బట్టి | క్లినికల్ క్వాలిటీ పనులు |
| మెడికల్ కోడింగ్ | నియమాలు, చదివి తేల్చడం | నెల జీతం, ఇన్సెంటివ్ | ఎక్కువగా పగలు | ఆడిట్, డినయల్స్ (ఇన్సూరెన్స్ తిరస్కరించిన బిల్లుల పని) |

పూర్తి టైపింగ్

దీని మీద ఎక్కువ చెప్పను. ఇంకా ఉంది. సాఫ్ట్‌వేర్‌కు లొంగని యాసలు, కారులోంచి డిక్టేట్ చేసే సర్జన్లు, యంత్రం మీద పెట్టుబడి పెట్టడం దండగ అనుకునే చిన్న క్లినిక్‌లు, ఇంకా లీగల్ మెడికల్ రిపోర్టులు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా వైరస్ న్యువాన్స్ సర్వర్లను కొట్టినప్పుడు డిక్టేషన్లు ఆగిపోయి, అక్కడి హాస్పిటళ్లు వారాల తరబడి వేరే దారులు వెతుక్కున్నాయి. పాత పద్ధతి పూర్తిగా చచ్చిపోదని అప్పుడు అర్థమైంది. కానీ అత్యవసరానికి పిలిచే పనిని నమ్ముకుని ఇల్లు నడపలేం. కొత్తగా నేర్చుకునేవాళ్లు "ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సు" అని టైపింగ్ ఒక్కటే నేర్పేచోట డబ్బు కట్టకండి.

డ్రాఫ్ట్ ఎడిటింగ్

మనవాళ్లు ఎక్కువమంది ఉన్నది ఇక్కడే, ఎక్కువ అపోహలు ఉన్నదీ ఇక్కడే. బయటివాళ్లకు ఇది తేలికైన పనిలా కనిపిస్తుంది: సగం పని యంత్రం చేసేసింది, మనం కామాలు, ఫుల్‌స్టాప్‌లు పెడితే చాలు అని. అసలు కష్టం వేరే ఉంది. టైపింగ్‌లో మన తప్పు తప్పులాగే కనిపించేది. యంత్రం చేసే తప్పు స్పెల్లింగ్‌తో సహా శుభ్రంగా ఉంటుంది. వాక్యం చక్కగా సాగుతుంది, అర్థం మాత్రం రోగిది కాదు.

ఒక ఉదాహరణ. "ఇలియం" అని రెండు మాటలున్నాయి. ఒకటి తుంటి ఎముక, ఇంకొకటి చిన్నపేగు చివరి భాగం. ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరమే తేడా, పలికేది ఒకేలా. చెవికి తేడా తెలిసే అవకాశమే లేదు. ఆ నోట్ ఎముక మూలుగ బయాప్సీ గురించా, కొలనోస్కోపీ గురించా, పడి ఎముక విరిగిన మనిషి గురించా అన్నది తెలిస్తేనే తేలుతుంది. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేసియా అంటే మాట సరిగా రాకపోవడం. స్ట్రోక్ పేషెంట్‌కు రెండూ ఉండొచ్చు కాబట్టి సందర్భం కూడా ఒక్కోసారి ఆదుకోదు, డాక్టర్‌నే అడుగుతూ ఫ్లాగ్ పెట్టాల్సిందే. అబ్డక్షన్, అడక్షన్ కలిసిపోతాయనే కొందరు డాక్టర్లు "ఏ-బీ-డక్షన్", "ఏ-డీ-డక్షన్" అని అక్షరాలు విడగొట్టి చెబుతారు. అలా చెప్పే డాక్టర్ దొరికితే ఆ రోజు అదృష్టమే.

ఇంక అన్నిటికన్నా ప్రమాదకరమైనవి చిన్న మాటలు. "నో చెస్ట్ పెయిన్"లో "నో" ఎగిరిపోవడం. ఫిఫ్టీన్ కాస్తా ఫిఫ్టీ కావడం. ఇవి గాక డాక్టరే తప్పు చెబితే? హెడ్డింగ్‌లో కుడి మోకాలు అన్నాడు, మూడో పేరాలో ఎడమ మోకాలికి కోత పెట్టాడు. యంత్రం రెండూ నమ్మకంగా రాసేస్తుంది. ఆగి, "డాక్టర్‌గారూ, ఏ మోకాలు?" అని ఫ్లాగ్ పెట్టేది మనిషే.

ఇది నా అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలో 217 నోట్లను పరిశీలించింది. యంత్రం రాసిన డ్రాఫ్ట్‌లో వంద మాటలకు 7.4 తప్పులున్నాయి. ట్రాన్స్‌క్రిప్షనిస్ట్ దిద్దాక అవి 0.4కు పడిపోయాయి. ఆ తర్వాత డాక్టర్ చూసి సంతకం పెట్టాక 0.3. అంటే తప్పుల్లో దాదాపు అన్నీ పోయింది మన దగ్గరే. అప్పటి సాఫ్ట్‌వేర్ కన్నా ఇప్పటివి మెరుగయ్యాయి, నిజమే. కానీ తప్పులు తగ్గేకొద్దీ మిగిలినవాటిని పట్టడం ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే కన్ను అలవాటు పడి జారిపోతుంది.

కష్టం ఇంత ఉన్నా డబ్బు మాత్రం దీనికి తగ్గట్టు లేదు. ఎడిట్ చేసిన లైనుకు చాలాచోట్ల టైప్ చేసిన లైనులో సగం దగ్గర్లోనే ఇస్తారు. వాళ్ల వాదన సింపుల్: యంత్రం వల్ల మీ వేగం రెట్టింపైంది కదా. స్పష్టంగా మాట్లాడే డాక్టర్ అయితే అవుతుంది. డ్రాఫ్ట్ గజిబిజిగా ఉంటే దాన్ని దిద్దడం కన్నా మొదటి నుంచి టైప్ చేయడమే త్వరగా అవుతుంది, కానీ చెల్లింపు మాత్రం ఎడిటింగ్ రేటే. కాబట్టి ఇక్కడ మీ ఆదాయాన్ని తేల్చేది మీ వేగం కన్నా మీకు ఏ డాక్టర్లు పడతారన్నది. కొన్ని చోట్ల పాతవాళ్లు మంచి ఫైళ్లు ఏరుకుని, కొత్తవాళ్లకు చెత్త ఆడియో వదిలేస్తారు. చెర్రీ పికింగ్ అని దీనికి ఆఫీసుల్లో పేరు కూడా ఉంది.

ఎడిటింగ్‌లో దిగేవాళ్లకు ఒక అలవాటు చెబుతాను. కన్ను చెవికన్నా ముందు పరిగెత్తకుండా చూసుకోండి. ముందు చదివేస్తే మెదడు ఆ వాక్యాన్ని నమ్మేస్తుంది, తర్వాత ఆడియోలో కూడా అదే వినిపిస్తుంది. ఫైల్ అయ్యాక అంకెలు, డోసులు, "నో"లు, కుడి ఎడమలు, ఇవి మాత్రమే వెతుకుతూ ఇంకోసారి కిందికి రండి. రెండు నిమిషాలు పడుతుంది. క్యూఏ స్కోరు నిలిచేది ఆ రెండు నిమిషాల మీదే.

వర్చువల్ స్క్రైబ్

అమెరికా డాక్టర్ పేషెంట్‌ను చూస్తుంటే ఇక్కడ కూర్చుని ఆ మాటలు వింటూ అప్పటికప్పుడు చార్ట్ (పేషెంట్ రికార్డు) రాయడం ఈ పని. పెడల్ లేదు, వెనక్కి తిప్పి వినడం లేదు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు, పిల్లాడు ఏడుస్తుంటాడు, దాంట్లోంచి నోట్ తీయాలి. నెల జీతం కాబట్టి లైన్ల టెన్షన్ ఉండదు. ఒకే డాక్టర్‌తో నెలల తరబడి పనిచేస్తే ఆయన నోరు తెరిచేలోపే ఏం రాయాలో తెలిసిపోతుంది, ఆ అనుబంధం ట్రాన్స్‌క్రిప్షన్‌లో ఎప్పుడూ దొరకదు.

వేళల దగ్గరే చిక్కు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు చలికాలంలో రాత్రి 7:30, వేసవిలో 6:30. అక్కడి క్లినిక్ 5కి మూసినా చలికాలంలో మనకు తెల్లవారుజామున 3:30 దాకా. కాలిఫోర్నియా డాక్టర్ అయితే చలికాలంలో మొదలయ్యేదే రాత్రి 10:30కి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఎంతకాలం నడుస్తుందో మీకే తెలియాలి.

ఇంకో సంగతి. యాంబియెంట్ సాఫ్ట్‌వేర్ నేరుగా పోటీకి వచ్చింది ఈ ఉద్యోగంతోనే. అందుకే ఇప్పుడు చేరేవాళ్లు నోట్ రాయడం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. విజిట్‌కు ముందు పాత రికార్డులు తిరగేసి చార్ట్ సిద్ధం చేయడం, రిఫరల్ లెటర్లు, ల్యాబ్ రిపోర్టులు సరిచూడటం లాంటివి కూడా చేయించే చోట చేరండి.

యాంబియెంట్ నోట్ల పరిశీలన

వినడానికి అన్నిటికన్నా భవిష్యత్తున్నదిలా ఉంటుంది, నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ అనుమానం దీని మీదే. పనిలో సత్తా లేక కాదు. ఈ సాఫ్ట్‌వేర్ చేసే తప్పులు పట్టడానికి నిజంగా అనుభవం కావాలి. పేషెంట్ "మా అమ్మకు షుగర్" అంటే షుగర్ పేషెంట్‌కే అంటగట్టొచ్చు. డాక్టర్ పొట్ట ముట్టుకోనే లేదు, నోట్‌లో "పొట్ట మెత్తగా ఉంది, నొప్పి లేదు" అని ఉండొచ్చు. మాటను రాతగా మార్చే విస్పర్ అనే సాఫ్ట్‌వేర్ మీద 2024లో వచ్చిన పరిశోధనలో, దాదాపు ఒక శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని వాక్యాలు కనిపించాయి. మాట మధ్యలో ఆగి ఆగి మాట్లాడేవాళ్ల విషయంలో అది ఎక్కువ. ఏ వాక్యం కల్పనో పట్టడానికి టైపింగ్ వేగం పనికిరాదు.

అనుమానం ఎందుకంటే, కంపెనీలు ఈ మనిషిని వీలైనంత త్వరగా తీసేయాలనే చూస్తాయి. న్యువాన్స్ వాళ్ల యాంబియెంట్ సాఫ్ట్‌వేర్ డ్యాక్స్ 2020లో మొదలైనప్పుడు నోట్ డాక్టర్‌కు చేరేముందు మనిషి చూసి సరిచేసేవాడు. 2023లో జీపీటీ-4తో పూర్తి ఆటోమేటిక్ వెర్షన్ ప్రకటించారు, నోట్ నేరుగా డాక్టర్ చేతికే. కాబట్టి ఈ ఉద్యోగం వస్తే చేరండి, నేర్చుకోండి, కానీ పదేళ్ల ప్లాన్ దీని మీద కట్టకండి. కాంట్రాక్ట్ ఎన్ని నెలలకో కాగితం మీద చూసుకోండి.

మెడికల్ కోడింగ్

ట్రాన్స్‌క్రిప్షన్ వదిలేవాళ్లలో చాలామంది వెళ్లేది ఇటే. డాక్టర్ నోట్ చదివి, జబ్బుకూ చేసిన చికిత్సకూ కోడ్లు ఇవ్వాలి, వాటి మీదే అక్కడి ఇన్సూరెన్స్ డబ్బు చెల్లిస్తుంది. అమెరికా 2015 అక్టోబర్ 1న ఐసీడీ-10 అనే కోడ్ల జాబితాకు మారినప్పటి నుంచి రోగాల కోడ్లే 70 వేలకు అటూ ఇటూగా ఉన్నాయి, ఏటా అక్టోబర్‌లో మారుతుంటాయి. ఏఏపీసీ అనే అమెరికా కోడర్ల సంస్థ పెట్టే సీపీసీ పరీక్షకు గుర్తింపు ఎక్కువ: 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయొచ్చు, 70 శాతం వస్తే పాస్.

పాత ట్రాన్స్‌క్రిప్షనిస్ట్‌కు ఇక్కడ పెద్ద వాటం ఉంది. వందల ఆపరేటివ్ నోట్లు టైప్ చేసిన చేయి కాబట్టి సర్జరీ నోట్ చదివితే ఏ కోత తర్వాత ఏం జరిగిందో కళ్లకు కడుతుంది. ఫ్రెషర్లు అనాటమీ పుస్తకంలో వెతుక్కునేది మీకు నోటికొస్తుంది. అడ్డంకి డిగ్రీ. చాలా కంపెనీలు లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ అని అడుగుతాయి, బీకాం చదివి ట్రాన్స్‌క్రిప్షన్‌లోకి వచ్చినవాళ్లకు మొదటి గుమ్మం దాటడం కష్టం. సర్టిఫికెట్ చేతిలో ఉంటే కొంత సడలుతుంది.

సాఫ్ట్‌వేర్ ఇక్కడికి రాలేదా అంటే వచ్చింది. ఎక్స్‌రే, ల్యాబ్ లాంటి మూసలో సాగే కోడింగ్‌ను ముందు తినేస్తోంది. సర్జరీ, ఇన్‌పేషెంట్, డినయల్స్ వైపు వెళ్లేవాళ్లకు ఊపిరి ఎక్కువ. కోర్సులో చేరేముందు ఏ స్పెషాలిటీ నేర్పుతారో అడగండి. "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అని బోర్డు పెట్టినచోట ఇంకా గట్టిగా అడగండి.

ఎవరికి ఏది

పదేళ్లు దాటిన అనుభవం, క్యూఏ స్కోర్లు బాగున్నాయి, డిగ్రీ కూడా కలిసొస్తుంది అంటే, ఎడిటింగ్‌లో ఉంటూనే సీపీసీకి చదవండి. ఉద్యోగం మానేసి చదవాల్సిన అవసరం లేదు. డిగ్రీ కలిసిరాకపోతే క్యూఏ, ట్రైనింగ్ వైపు గట్టిగా ప్రయత్నించండి, లైన్ లెక్కలోంచి జీతం లెక్కలోకి మారడమే అసలు మెట్టు.

ఇప్పుడే చదువు పూర్తయిన బీఫార్మసీ, బీఎస్సీ పిల్లలు నేరుగా కోడింగ్‌కు వెళ్లడం నయం. ఇంగ్లిష్ వినికిడి బాగుండి, రాత్రిళ్లు కూర్చోగలిగితే ఒకటి రెండేళ్లు స్క్రైబింగ్ చేయడం కూడా మంచిదే, అమెరికా క్లినిక్ ఎలా నడుస్తుందో అంత దగ్గరగా ఇంకెక్కడా తెలియదు.

ఇంట్లో పెద్దవాళ్లనో పిల్లలనో చూసుకుంటూ రోజుకు నాలుగైదు గంటలే ఇవ్వగలిగేవాళ్లకు ఇప్పటికీ ఎడిటింగే దారి. ఆదాయం తక్కువేనని తెలిసే దిగండి. పేషెంట్ వివరాలు కాబట్టి హిపా (వాటి గోప్యత మీద అమెరికా చట్టం) నియమాలుంటాయి, తలుపేసుకునే గది, ఇంకెవరూ ముట్టని కంప్యూటర్ కావాలి. హాల్లో టీవీ పక్కన కూర్చుని చేసే పని కాదు.

రాత్రి షిఫ్టులు వద్దు, అమెరికా గొడవే వద్దు అనుకుంటే మన ఊళ్లోనే ఒక చిన్న దారి ఉంది. స్కాన్ సెంటర్లలో రేడియాలజిస్ట్ చెబుతుంటే పక్కన కూర్చుని రిపోర్ట్ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మన యాసకు తగ్గట్టు ముంబైలో తయారైన ఆగ్నిటో లాంటి సాఫ్ట్‌వేర్లు అక్కడికీ వస్తున్నాయి కాబట్టి జీతం ఆశించినంత ఉండదు. అయితే కుడి కిడ్నీ, ఎడమ కిడ్నీ తారుమారైతే పట్టే మనిషిని ఆ డాక్టర్లు అంత తేలిగ్గా వదులుకోరు.

చేరేముందు అడగాల్సినవి

ఎడిటింగ్ ఉద్యోగమైతే ఇవి అడగండి: డ్రాఫ్ట్ పనికిరాకుండా ఉంటే కొట్టేసి మొదటి నుంచి టైప్ చేయొచ్చా, చేస్తే టైపింగ్ రేటు ఇస్తారా? ఫైళ్లు వరసగా వస్తాయా, ఎవరికి వాళ్లు ఏరుకుంటారా? లైనులో స్పేసులు, హెడర్లు లెక్కలోకి వస్తాయా? క్యూఏలో తప్పు పడితే ఎంత కోస్తారు, తప్పు కాదనిపిస్తే ఆడియో వినిపించి అడిగే హక్కుందా? ఫైళ్లు లేని రోజు ఖాళీగా కూర్చుంటే ఏమిస్తారు?

స్క్రైబింగ్, యాంబియెంట్ పనికైతే డాక్టర్ మానేస్తే మీ సంగతేమిటో అడగండి. కోడింగ్‌కైతే ట్రైనింగ్ బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అడగండి. వీటికి నోటిమాటగా "చూద్దాంలెండి" అన్న కంపెనీ ఆఫర్ లెటర్‌లో ఏం రాసిందో చూసేదాకా పాత ఉద్యోగానికి రిజైన్ లెటర్ పెట్టకండి.